రెండు ముడులంటే పచ్చ

బరంపురం,
ఆదివారం రాత్రి

నాన్నా,

నువ్వు ఫోన్ పెట్టేశాక మీ నాన్న, నేను చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. అంత కష్టపడి లోకో పైలట్ రాతపరీక్ష గట్టెక్కి, మెడికల్లో చుక్కల పుస్తకం దగ్గర ఆగిపోతే ఎవరికైనా మండుతుంది. మొదటి పేజీలో 12 కనబడింది, తర్వాత అన్నీ చుక్కలే అన్నావు. ఆ మొదటి పేజీ అందరికీ కనబడేలాగే వేశారు. రంగుల చూపు పరీక్షించడానికి ఇషిహారా అనే జపాన్ కంటి డాక్టరు 1917లో తెచ్చిన పుస్తకం అది.

ఫోన్లో నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను. ఎరుపూ పచ్చా పోల్చలేని ఈ చూపు నీకు నా నుంచే వచ్చింది.

ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద కన్ను బొమ్మ గీసి, రెటీనాలో అరవై లక్షల దాకా శంకు కణాలు ఉంటాయి, రంగు తెలిసేది వాటివల్లే అని పిల్లలకి చెప్తున్నాను. నా ఇంట్లో పిల్లాడు మామిడిచెట్టుకి గోధుమరంగు ఆకులు వేస్తే మాత్రం, దిక్కులు చూస్తూ వేశావని మొట్టికాయ వేశాను. క్రేయాన్లకి చుట్టిన కాగితం ఎవరైనా చింపితే నువ్వెందుకంత గొడవ చేసేవాడివో ఇప్పుడు తెలిసింది. పేరు చదువుకుని రంగు తీసుకునేవాడివి. నాకెప్పుడూ చెప్పలేదేం? చెప్పడానికి తేడా ఉందని నీకు తెలిస్తే కదా.

మీ తాతయ్యకీ ఇంతే. నీకు ఆయన మగ్గం గుర్తుండదు. అమ్మమ్మ పట్టుదారం చిలపలు రంగులో అద్ది, ఆరబెట్టి, లోపలికి తెచ్చే ముందు ఒక్కో చిలపకి తెల్ల దారం కట్టేది. ఎరుపుకి ఒక ముడి, పచ్చకి రెండు. లెక్క కోసమనుకున్నాను నేను. తాతయ్య చిలప చేతిలోకి తీసుకుని, చూపు ఎటో పెట్టి, బొటనవేలితో ఆ ముడి తడిమేవాడు. ముప్పై ఏళ్లు ఒక్క చీరలో అంచు తప్పు పడలేదు.

మన భాష కూడా ఆయన్ని కాచింది. తెలుగులో పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. ఇంట్లో 'పచ్చ' అనేస్తే గడిచిపోయేది. ఒడియావాళ్లు బేరానికొచ్చి హళదియానా, సబుజనా అని విడదీసి అడిగితే మాత్రం "ఇదిగో, ఒకసారి రా" అని అమ్మమ్మని కేకేసేవాడు. (వాళ్లు ఎరుపుని నాలి అంటారు, మనకి నీలి ఉంది. ఆ రెండింటితో ఊళ్లో అందరం తడబడ్డవాళ్లమే, అది వేరే సంగతి.)

శంకు కణాలు మూడు రకాలు. ఒకటి 420 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి వెలుగుకి బాగా స్పందిస్తుంది, ఇంకోటి 530 దగ్గర, మూడోది 560 దగ్గర. చివరి రెండింటికీ తేడా ముప్పై మాత్రమే చూడు. ఎరుపూ పచ్చా విడిపోయేది ఆ సందులోనే. ఆ రెండు రకాల కణాల్లో వెలుగుని పట్టే పదార్థాన్ని తయారుచేసే జన్యువులు రెండూ ఎక్స్ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే, కవలల్లా ఉంటాయి. అందుకే తరాలు మారేటప్పుడు ఒకటి జారిపోవడమో, రెండూ కలిసిపోవడమో జరుగుతుంది. తాతయ్య ఎక్స్ నాకు తప్పకుండా వస్తుంది. నాకు అమ్మ ఇచ్చిన మంచిది ఇంకోటుంది కాబట్టి నేను గట్టెక్కాను. మగపిల్లాడికి ఉండేది ఒకటే ఎక్స్, అదీ తల్లిదే. అన్నయ్యకి బొమ్మ పడింది, నీకు బొరుసు. అంతకుమించి ఇందులో ఎవరి తప్పూ లేదు. ఏ రకం కణంలో తేడా ఉందో ఇంకో పరీక్ష చేయిస్తేగాని తేలదు.

"అయితే నేను చూసేది అసలు రంగు కాదా?" అన్నావు. నీ ఫోన్లో పసుపు రంగు బొమ్మ పెట్టి, తెర మీద చిన్న నీటిచుక్క వేసి చూడు. అక్కడ పసుపు దీపం ఉండదు. ఎరుపువీ ఆకుపచ్చవీ బుల్లి దీపాలు వెలుగుతుంటాయి, అంతే. ఆ రెండూ కలిసి మా కణాల్ని పసుపుకాంతి కదిలించినట్టే కదిలిస్తాయి, మేం పసుపు అని నమ్మేస్తాం. మూడు రకాలున్నవాళ్లు కూడా రోజూ ఇలా మోసపోతున్నవాళ్లే. కిరణాలకి రంగు లేదని న్యూటన్ ఎప్పుడో రాశాడు. నీ లెక్కకి ఒక కొలత తగ్గింది, నిజమే. లేదని నేను అబద్ధం చెప్పను.

రైల్వేవాళ్ల మీద కోపం పెట్టుకోకు. స్వీడన్‌లో 1875లో రెండు రైళ్లు గుద్దుకుని తొమ్మిది మంది పోయారు. సిగ్నల్ రంగు పోల్చలేకపోవడమే కారణమని హోమ్‌గ్రెన్ అనే ప్రొఫెసర్ వాదించాడు. కాదన్నవాళ్లూ ఉన్నారు. కానీ రైల్వే ఉద్యోగులకి రంగుల పరీక్షలు ఊపందుకున్నది ఆ తర్వాతే. ఆయన పరీక్ష దేంతోనో తెలుసా? రంగురంగుల ఉన్ని చిలపలతో. ఒకటి చేతికిచ్చి, దానికి సరిపోయేవి కుప్పలోంచి ఏరమనేవాడు. అంటే మన నడవలోనే, నీకు ఐదేళ్లప్పుడే తేలిపోవాల్సింది. ఎన్ని చిలపలతో ఆడుకున్నావో!

ఆన్‌లైన్‌లో రంగులు చూపిస్తామనే కళ్లజోళ్లు కొనకు. కొన్ని రంగుల మధ్య తేడా పెంచి చూపిస్తాయేమోగానీ లేని కణాన్ని తెచ్చిపెట్టవు. నోటిఫికేషన్‌లో మెడికల్ స్టాండర్డ్ అనే కాలమ్ ముందే చూసుకో. సీ వన్, సీ టూ అని ఉన్న పోస్టులకి ఈ పట్టింపు లేదు. నాన్న ఆ వివరాలు రాసి పెడుతున్నారు. టెన్షన్ పడుతూ అన్నం మానెయ్యకు.

అక్క పెళ్లిచూపులకి రెండు చొక్కాలు కుట్టించాను, పార్సిల్ వేశాను. రెండూ ముదురు రంగులే, నీకు ఒకటిలాగే కనబడొచ్చు. కాలర్ లోపల వేలితో తడిమి చూడు. ఒక ముడి ఉన్నది మెరూన్, రెండు ముడులున్నది ఆకుపచ్చ. పెళ్లిచూపులకి మెరూన్ వేసుకో.

అమ్మ