మెట్ల కింద క్లోజెట్ ఖాళీగా ఉంచు

ఇర్వింగ్ (టెక్సాస్), మార్చి

ప్రియమైన శ్రీనివాస్‌కు,

మేమంతా క్షేమం. అమ్మగారు, నాన్నగారు ఏప్రిల్‌లో ఫ్రిస్కో వస్తున్నారని రాశావు, చాలా సంతోషం. డాలస్ చుట్టుపక్కల టోర్నడోలు, అంటే ఇళ్ళను కూల్చే సుడిగాలులు, ఎక్కువగా వచ్చే రోజులు కూడా అవే కాబట్టి, ఆవకాయ సంగతి తరువాత మాట్లాడుకుందాం, ముందు వాటి హెచ్చరికలు వచ్చే ఫోన్ల సంగతి చెప్పనివ్వు.

మా అమ్మ ఇక్కడికి వచ్చిన మొదటి వారంలో, అర్ధరాత్రి మా ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగేసరికి, ఇల్లు అంటుకుందనుకుని దేవుడి పటం చేతపట్టుకుని వాకిట్లోకి పరుగెత్తింది. తీరా చూస్తే అది ఆంబర్ అలర్ట్, అంటే ఎత్తుకుపోయిన పిల్లల కోసం కారు వివరాలు తెలుపుతూ పంపే సందేశం. 1996లో మన పక్కనున్న ఆర్లింగ్టన్‌లోనే అపహరణకు, హత్యకు గురైన ఆంబర్ హేగర్‌మన్ అనే తొమ్మిదేళ్ళ పాప పేరు దానికి పెట్టారని చెప్పాక అమ్మ విసుక్కోవడం మానేసింది. కానీ అప్పటికే నేను, ఆమె నిద్ర చెడకూడదని, ఆమె ఫోనులో అన్ని అలర్టులూ ఆపేసి ఉన్నాను. నువ్వు ఆ తెలివితక్కువ పని చేయకు. ఆంబర్ అలర్టును విడిగా ఆపుకోవచ్చు, వాతావరణ హెచ్చరికలను మాత్రం ముట్టుకోవద్దు.

పెద్దవాళ్ళను తికమక పెట్టేవి రెండు మాటలు. టోర్నడో వాచ్ అంటే అందుకు తగిన పరిస్థితులు ఏర్పడ్డాయని, వార్నింగ్ అంటే సుడిగాలి కంటికో రాడారుకో చిక్కిందని అర్థం. ఫోను కేక పెట్టేది రెండోదానికే. టీవీలో వాచ్ అన్న మాట చూసి, చూస్తూ ఉండమన్నారు కాబోలని మా అమ్మ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది! మన కాకినాడలో తుపాను ముందే పేరు పెట్టించుకుని, రేవులో ప్రమాద సూచికలు ఎగరేయించుకుని, రోజుల తరబడి చెప్పి మరీ వస్తుంది. ఇక్కడ పది నిమిషాలు దొరికితే అదృష్టం.

నువ్వు, కోడలు ఆఫీసులో ఉండగా వాళ్ళిద్దరే ఇంట్లో ఉంటారన్నది అసలు చిక్కు. చాలామంది తల్లిదండ్రుల ఫోన్లు వైఫై మీదే నడుస్తాయి, కానీ ఈ వార్నింగ్ సందేశాన్ని సెల్ టవర్ తన పరిధిలోని ఫోన్లన్నిటికీ ప్రసారం చేస్తుంది తప్ప ఇంటర్నెట్ ద్వారా పంపదు. అందువల్ల రాగానే ఇక్కడి సిమ్ వేయించు. దీనికి ఎవరి నంబరూ అక్కరలేదని, డబ్బు కట్టనక్కరలేదని నాన్నగారికి ముందే చెప్పు, లేకపోతే ఏదో మోసమని చెరిపేస్తారు. సందేశం తెలుగులో రాదు కనుక, ఆ రెండు మాటలకూ అర్థం, చేయవలసిన పని పెద్ద తెలుగు అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అంటించు. డాలస్‌లో నెలనెలా మొదటి బుధవారం మధ్యాహ్నం సైరన్ పరీక్షిస్తారు గానీ, అది ఆరుబయట ఉన్నవాళ్ళ కోసం పెట్టినది; తలుపులు వేసుకుని ఏసీలో పడుకున్నవాళ్ళు దాని మీద ఆధారపడకూడదు.

మన ఇళ్ళకు నేలమాళిగలు ఉండవు కాబట్టి, కింది అంతస్తులో కిటికీలు లేని చోటే దిక్కు, అంటే మీ ఇంట్లో ఆ మెట్ల కింద క్లోజెట్, ఆ సామాన్ల చిన్న గది. పోయినసారి నేను చూసినప్పుడు అది సూట్‌కేసులతో నిండిపోయి ఉంది. వాళ్ళు దిగిన శనివారం వస్తాను, ఇద్దరం కలిసి ఖాళీ చేసి, రెండు పీటలు, ఒక టార్చిలైటు పెడదాం.

నీ,
రఘు