ఆ చివరి లైను గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ ఆరోగ్యం పేజీలో పక్షవాతం మీద వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగుంది. మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యి పైకి లేవకపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలని, రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే టైమని, స్కాను ముందు ఎందుకు తీస్తారో, అన్నీ అర్థమయ్యేట్టు రాశారు. ఆఖర్న ఒక్క లైను: ఆ తర్వాత ఫిజియోథెరపీ చేయించాలి. అంతే, వ్యాసం అయిపోయింది. మా ఆయన డిశ్చార్జి కాగితం మీద కూడా అడుగున ఇదే లైను ఉంది, కాకపోతే ఇంగ్లిషులో, గొలుసుకట్టు రాతలో. ఆ ఒక్క లైనుతోనే మేం రెండేళ్ళు కాపురం చేశాం. అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగైనా ఓపిక పట్టండి.

మా ఆయన హైస్కూల్లో హిందీ పండిట్‌గా చేసి రిటైరయ్యారు. ఒకరోజు తెల్లవారుజామున లేచి బాత్రూమ్ తలుపు దగ్గరే కూలబడ్డారు, ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆసుపత్రి వాళ్ళు ప్రాణం నిలబెట్టారు, అందులో వంక పెట్టను. తొమ్మిదో రోజు ఇంటికి పంపేశారు. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో నర్సు మూడుసార్లు చెప్పింది గానీ, మనిషిని ఎటు తిప్పి పడుకోబెట్టాలి, పడిపోయిన చేతిని ఎక్కడ పెట్టాలి, ఎలా లేపి కూర్చోబెట్టాలి అన్నది ఒక్కరూ చెప్పలేదు, మాకూ అడగాలని తోచలేదు. ఆ పడిపోయిన చేతినే పట్టుకుని లాగి లేపేవాళ్ళం. పది రోజులు తిరక్కుండా భుజం నొప్పి పట్టుకుంది, రాత్రిళ్ళు మూలుగు. ఇక చుట్టాల సలహాలకి కొదవా? ఒకరు నూనె మర్దన అన్నారు, ఒకరు ఫలానా ఊళ్ళో నాటుమందు అన్నారు, ఒకరు రబ్బరు బంతి కొనుక్కొచ్చి చేతిలో పెట్టి పిసకమన్నారు, మా మరిది అయితే ఏకంగా అట్టపెట్టెలో రెండు పావురాలు తెచ్చాడు, వేడి వేడి రక్తం రాస్తే నరాలు కదులుతాయట. మా మనవడు ఆ పెట్టె మేడమీదికి తీసుకెళ్ళి మూత తీసేశాడు, ఆ గొడవ వేరే.

నెల దాటాక ఒక ఫిజియో అమ్మాయి దొరికింది. తిరుపతిలో బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, చదివిందట. వస్తూనే చెయ్యి పట్టుకుని వంచి చాచి మొదలుపెడుతుందనుకున్నాను. అలా చేయలేదు. గుమ్మంలో నిలబడి మంచం వైపు చూసింది. మంచం గోడకి వేసి ఉంది, ఆయన ఎడమ పక్క గోడ. "అమ్మా, ఆ పక్కనుంచి ఎవరూ రారు, ఎవరూ పలకరించరు. ఇలా అయితే ఆ పక్క ఒకటుందన్న సంగతే మాస్టారు మర్చిపోతారు" అని, నన్నూ మనవణ్ణీ సాయం పిలిచి మంచం ఇటుది అటు తిప్పించింది. మంచినీళ్ళ చెంబు, కళ్ళజోడు, పేపరు అన్నీ ఎడమ వైపుకి వచ్చాయి. బంతి తీసి పక్కన పెట్టేసింది. "గుప్పిట బిగించడం మీకు ఇప్పటికే ఎక్కువగా వచ్చు మాస్టారూ, ఇప్పుడు రావలసింది విప్పడం" అంది. ఆయన నెల తర్వాత నవ్విన మొదటి నవ్వు అది, సగం మూతితోనే.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే బోబాత్ పద్ధతి అంది. ఆయనెవరు, ఏ దేశం అని మావారు అడిగారు, మాస్టారు కదా, పాఠం కంటే ముందు పాఠం రాసినవాళ్ళ సంగతి కావాలి. "ఆయన కాదు మాస్టారూ, ఆమె" అంది. అప్పటినుంచి మనవడి చేత వెతికించి చదివించుకోవడం ఆయనకొక వ్యాపకం అయింది, పక్కన కూర్చుని నేనూ విన్నాను. మీ పేపర్లో ఎప్పుడో ఒకసారి రావలసిన జీవితం అనిపించి రాస్తున్నాను.

బెర్తా బోబాత్, పుట్టింటి పేరు బుసె, 1907 డిసెంబరు 5న బెర్లిన్‌లో పుట్టింది. యూదుల ఇంటి పిల్ల. చదివింది వైద్యం కాదు, జిమ్నాస్టిక్స్. సర్కస్ ఫీట్లలాంటివి కావు, ఒళ్ళు ఎలా కదులుతుంది, బిగువు ఎక్కడ పడుతుంది, దాన్ని ఎలా వదిలించాలి అని శరీరాన్ని గమనించడం నేర్పే చదువు, తర్వాత ఆ బడిలోనే నేర్పింది కూడా. హిట్లర్ వచ్చాక యూదులకి బెర్లిన్‌లో ఏ గతి పట్టిందో తెలిసిందే కదా. 1938లో లండన్ చేరుకుంది. బెర్లిన్‌లో ముందే ఎరిగిన కారెల్ బోబాత్ అనే డాక్టరు ప్రాగ్‌లో చదువు పూర్తిచేసుకుని మరుసటి ఏడాది అదే ఊరు చేరాడు. 1941లో పెళ్ళి చేసుకున్నారు. దేశం, భాష, ఇల్లు, అయినవాళ్ళు అన్నీ వెనక వదిలి వచ్చిన ఇద్దరు.

1940లలోనే ఆమె దగ్గరికి ఒక పేరున్న చిత్రకారుడి కేసు వచ్చింది. రాజకుటుంబాల బొమ్మలు వేసినవాడు, పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, చెయ్యి బిగుసుకుపోయి ఉంది. అప్పట్లో పద్ధతి ఏమిటంటే, పడిపోయిన పక్క ఇక రాదని నిర్ణయించేసుకోవడం. బాగున్న చేతికి పనులు నేర్పడం, బిగుసుకున్న చేతిని లాగడం, చెక్కలు కట్టడం. బెర్తా అలా లాగలేదు. ఆయన పడుకున్న తీరు మారిస్తే, నడుమో భుజమో ఫలానా వైపు తిప్పితే చేతి బిగువు దానంతటదే సడలుతోందని గమనించింది. బిగువు ఇనప కడ్డీ లాంటిది కాదు, మనిషి ఉండే భంగిమని బట్టి ఎక్కువ తక్కువ అవుతుంది, అంటే దాన్ని మార్చవచ్చు. ఇప్పుడు వింటే ఇంతేనా అనిపిస్తుంది గానీ, రాదని వదిలేసిన పక్కనే చెయ్యి వేసి చూసింది కాబట్టే ఆ సంగతి బయటపడింది. ఆ చిత్రకారుడు మళ్ళీ బొమ్మలు వేశాడు, కాకపోతే ఎడమ చేత్తో నేర్చుకుని. కుడిచేతి కుంచె అద్భుతంగా తిరిగొచ్చిందని కథ అల్లడం నాకు ఇష్టం లేదు.

మొగుడూ పెళ్ళాల మధ్య పని పంచుకున్న తీరు మావారికి భలే నచ్చింది. చేతులతో కనిపెట్టింది ఆమె. అది ఎందుకు అలా జరుగుతోందో పుస్తకాల్లో వెతికి, మెదడు, నరాల శాస్త్రం చదివి వివరించడానికి కూర్చున్నది ఆయన. మామూలుగా లోకంలో దీనికి తిరగేసి ఉంటుంది కదా. ఇంకో విడ్డూరం, అప్పటికి ఆమె చేతిలో ఫిజియోథెరపిస్టు సర్టిఫికెట్టే లేదు. లండన్‌లో ప్రిన్సెస్ లూయీస్ పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తూ, నలభై దాటాక, 1950లో ఆ పరీక్ష పాసయింది. 1951లో ఇద్దరూ కలిసి చిన్న క్లినిక్ పెట్టారు, అదే పెరిగి పెద్దదై తర్వాత వాళ్ళ పేరుతోనే బోబాత్ సెంటర్ అయింది.

అక్కడికి ఎక్కువగా వచ్చింది సీపీ పిల్లలు, సెరిబ్రల్ పాల్సీ అంటారే, పసితనంలోనే మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ స్వాధీనంలో ఉండని వాళ్ళు. నాకు బాగా తట్టింది ఈ భాగమే. ఆమె పిల్లవాణ్ణి గదిలోకి తీసుకెళ్ళి వ్యాయామం చేయించి తిరిగి తల్లి చేతికిచ్చి పంపేసే రకం కాదు. అరగంట ఫిజియో రోజులో ఎంత? మిగతా ఇరవై మూడున్నర గంటలూ వాడు తల్లి చేతిలోనే ఉంటాడు. కాబట్టి ఎత్తుకోవడం ఎలా, బట్టలు తొడిగేటప్పుడు కాళ్ళు బిగుసుకోకుండా ఏం చేయాలి, అన్నం తినిపించేటప్పుడు తల ఎలా ఉండాలి, ఇవన్నీ తల్లికి చెప్పాలి. వాళ్ళ దగ్గర పనిచేసిన ఒకావిడ అచ్చంగా ఇంట్లో తల్లుల కోసమే 1968లో బొమ్మలతో పుస్తకం కూడా రాసింది. మా ఇంట్లో మంచం తిప్పించిన అమ్మాయి మొదటి వారం మావారికంటే నాకే ఎక్కువ పాఠం చెప్పిందంటే ఎందుకో అది విన్నాక అర్థమయింది.

ఆమె మంచి టీచరు కూడా. ఎనిమిది వారాల కోర్సు పెట్టేవారు, ఫిజియోలూ, మాట నేర్పే థెరపిస్టులూ, పనులు నేర్పేవాళ్ళూ, డాక్టర్లూ కూడా వచ్చేవారు. ఎదురుగా రోగిని పెట్టుకుని, చెయ్యి ఎక్కడ వేయాలో చేసి చూపిస్తూ పాఠం. పెద్దవాళ్ళ పక్షవాతం మీద ఆమె 1970లో రాసిన పుస్తకం తర్వాత ఇరవై ఏళ్ళలో మూడు ముద్రణలు పొందింది, ప్రతిసారీ మార్చి రాసింది. మార్చి రాసింది అన్నది ఊరికే అనడం లేదు. మొదట్లో ఆమె పిల్లల్ని బిగువు సడలే భంగిమల్లో కదలకుండా ఉంచేది. బిగువు తగ్గేది నిజమే, కానీ ఆ భంగిమ వదలగానే నడకలోకి, ఆటలోకి ఏమీ రాలేదు. అప్పుడు దాన్ని మానేసి, పిల్లవాడు కదులుతుండగానే భుజాల దగ్గర, నడుము దగ్గర చెయ్యి ఆనించి నడిపించే పద్ధతికి వచ్చింది. కొన్నాళ్ళకి అదీ చాలదని తేలింది. బల్ల మీద నేర్పిన కదలిక వంటింట్లోకి దానంతటదే రాదు, ఏ పని కావాలో ఆ పని దగ్గరే నేర్పాలి అన్నారు. ఈ తప్పుల్ని వాళ్ళు దాచుకోలేదు, ఇదిగో ఇక్కడ పొరబడ్డాం అని భార్యాభర్తలిద్దరూ అచ్చులో రాశారు. ఇది విన్నరోజు మావారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పాను, పోయినేడాది నేను చెప్పింది తప్పురా అని ఒక్క క్లాసులోనూ అనలేదు" అన్నారు.

బోబాత్ అనగానే మంత్రం అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, అది నాకు నచ్చదు. మిగతా పద్ధతులకంటే ఇదే మేలని తర్వాత జరిగిన పరిశోధనల్లో తేలలేదు, కావలసిన పనినే పదే పదే చేయించడం మీద ఇప్పుడు ఎక్కువ నమ్మకం. సీపీ పిల్లల విషయంలో అయితే పాత పద్ధతిని గట్టిగానే విమర్శిస్తున్నారు. ఇది నాకు చెప్పింది కూడా ఆ ఫిజియో అమ్మాయే. "నేనూ అన్నీ కలిపి చేస్తానమ్మా, బెర్తా ఉంటే ఆవిడా మార్చేసేది" అంది. 1978లో బ్రిటిష్ ప్రభుత్వం బెర్తాకి ఎంబీఈ బిరుదు ఇచ్చింది. 1991 జనవరి 20న లండన్‌లో భార్యాభర్తలిద్దరూ ఒకే రోజు పోయారు.

ఇక మీకు నా విన్నపం. సెప్టెంబరు 8 ప్రపంచ ఫిజియోథెరపీ దినం అట, 1996 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు దండల ఫొటోలు వేస్తారు, వద్దనను. కానీ వారానికోసారి ఆరోగ్యం పేజీలో నాలుగు అంగుళాల జాగా ఇచ్చి, ఒక ఫిజియో చేత, బొమ్మతో సహా, ఇంట్లో చూసుకునేవాళ్ళ కోసం రాయించండి. పక్షవాతం వచ్చిన మనిషిని చెయ్యి పట్టి లాగకుండా ఎలా లేపాలి, ఏ పక్కకి తిప్పి పడుకోబెడితే భుజం కింద ఏం పెట్టాలి, కుర్చీలోంచి లేచేటప్పుడు పాదాలు ఎక్కడ ఉండాలి. సీపీ పిల్లలున్న తల్లులకి కూడా. పట్నంలో ఫిజియోకి రోజుకింత ఇచ్చి పిలిపించుకునే స్తోమత అందరికీ ఉండదు, పల్లెల్లో అయితే దొరకనే దొరకరు, కానీ మీ పేపరు టీకొట్టు దాకా వెళ్తుంది.

ఇంకో మాట, మీ విలేకరులు వీళ్ళని మసాజ్ చేసేవాళ్ళు అన్నట్టు రాస్తున్నారు. నాలుగేళ్ళు చదివి, ఆ పైన కొన్ని నెలలు ఆసుపత్రిలో పనిచేస్తే గాని ఆ డిగ్రీ రాదు. మా ఇంటి గేటు దగ్గర ఆ అమ్మాయి స్కూటీ ఆగగానే ఎదురింటావిడ "మీ మాలీష్ పిల్ల వచ్చింది" అని కేకేసేది, ఆ అమ్మాయి వినీ విననట్టు లోపలికొచ్చేది. నాకే తల కొట్టేసినట్టయ్యేది.

మావారు ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొస్తున్నారు. ఎడమ చేత్తో ఇంకా గుండీ పెట్టుకోలేరు, ఇస్త్రీ చేసిన చొక్కా కింద పడకుండా పట్టుకోగలరు. ఈ ఉత్తరం కాగితం కూడా జారిపోకుండా ఆ చేత్తోనే అదిమి పెట్టారు, నేను రాస్తుంటే.

వీలైతే ఆ పావురం రక్తం సంగతి కూడా ఎవరైనా డాక్టరు చేత ఒకసారి రాయించండి. మా మరిది మీ పేపర్లో పడితేనే నమ్ముతాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తెనాలి