కారు తలుపు గాలికి వదలకు

చిట్టితల్లీ,

నువ్వు ఐస్‌లాండ్‌లో కారు నడుపుతూ తిరుగుతాననగానే మీ అత్తయ్యకి అగ్నిపర్వతాల భయం పట్టుకుంది. లావా వస్తే వాళ్లే రోడ్డు మూసేస్తారు. నువ్వు కాచుకోవాల్సింది గాలినీ నీళ్లనీ.

కారు ఆపేటప్పుడు ముక్కు గాలికి ఎదురుగా పెట్టు. అప్పుడు గాలి తలుపును మూసే వైపే నెడుతుంది. అదే వెనక నుంచి కొడితే, కాస్త తెరవగానే తలుపును చేతిలోంచి లాక్కుని ముందుకు విరుస్తుంది. కీళ్లు వంగాయంటే తలుపు మళ్లీ పడదు, ఆ ఖర్చు మామూలు అద్దెకారు బీమాలో చాలాసార్లు ఉండదు. ఒక చెయ్యి పిడి మీద, ఇంకోటి తలుపు అంచు మీద ఉండాలి. రెండు పక్కల తలుపులూ ఒకేసారి తీయొద్దు. గొడుగు తీసుకెళ్లకు, అక్కడ వాన పక్కనుంచి కొడుతుంది.

‘ఎఫ్’తో మొదలయ్యే కొండదారులకు ఫోర్ వీల్ డ్రైవ్ బండే ఉండాలి, అది చట్టం. కొండల మధ్య వేడినీటి ఊటలుండే లాండ్‌మన్నలౌగర్‌కి ఎఫ్208 మీద ఉత్తరం వైపు నుంచి వెళ్లు. క్యాంపు ముందు వాగు వస్తుంది. పక్కవాళ్లు బండితో దిగుతున్నా సరే, నువ్వు ఇవతలే ఆపి నడకవంతెన మీద వెళ్లిపో.

వేరే దారిలో వాగు దాటక తప్పకపోతే పొద్దున్నే దాటు. ఎండెక్కేకొద్దీ హిమానీనదం కరిగి, సాయంత్రానికి అదే వాగు ఉధృతమవుతుంది. ఇరుకుగా, నున్నగా పారేచోట లోతు ఎక్కువ. వెడల్పుగా గలగలలాడేచోట తక్కువ. నడిచి దాటడానికి భయమేసే నీళ్లలో కారూ దించకు. ఫోర్ వీల్ డ్రైవ్‌ని లో రేంజ్‌లో (నెమ్మదిగా, బలంగా లాగే అమరికలో) పెట్టి, ఫస్ట్ గేర్‌లో, దిగువవైపు కాస్త ఏటవాలుగా పోవాలి. మధ్యలో ఆగకూడదు, గేరు మార్చకూడదు. ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు పోయాయంటే ఇంజనే పోతుంది, దానికీ బీమా రాదు. అవతలికి చేరాక బ్రేకులు రెండుమూడుసార్లు తొక్కి ఆరబెట్టు.

నాచు మీదికి బండి ఎక్కించకు. ఆ గాడి పూడడానికి దశాబ్దాలు పడుతుంది, జరిమానా సరేసరి. రేనిస్‌ఫ్యారా అనే సముద్రతీరంలో ఎర్రదీపం మెరుస్తుంటే నల్ల ఇసుకలోకి దిగకు, ఎప్పుడూ సముద్రానికి వీపు పెట్టకు. ఆపదలో సాయం పిలిచే ఐస్‌లాండ్ వాళ్ల 112 యాప్ ఇక్కడే ఫోన్‌లో ఎక్కించుకో.

వేడినీళ్ల కుళాయి కుళ్లిన గుడ్డు వాసనేస్తే కంగారుపడకు, అది భూమిలోంచి వచ్చే గంధకం. తాగడానికి చన్నీళ్ల కుళాయి తిప్పు. ఇంకోటి, ఈతకొలనులో దిగేముందు బట్టల్లేకుండా సబ్బుతో స్నానం చేయాల్సిందే. ఆడవాళ్ల గది వేరే ఉంటుందిలే.

అమ్మ