పేరు తెలియని ఆ తమ్ముడికి

కళ్లు మూతలు పడుతున్నాయి, కానీ ఇది రాయకుండా పడుకోలేను. ఇవాళ మావాడు నాతో “వద్దు” అన్నాడు. నోటితో కాదు, వాడికి మాట రాదు. మాటలకు బదులు బొమ్మలున్న బోర్డు మీద ఒక బొమ్మను వేలితో చూపించి. తల దువ్వబోతే ఎప్పటిలా నా చెయ్యి కొరకలేదు, గోడకేసి తల బాదుకోలేదు. లేచి వెళ్లి, అడ్డంగా ఊపుతున్న చేతి బొమ్మ మీద వేలుంచి నా ముఖంలోకి చూశాడు. దువ్వెన పక్కన పెట్టేశాను. చింపిరి జుట్టుతోనే హాయిగా నిద్రపోయాడు.

ఇందుకు నేను రుణపడింది పేరు కూడా తెలియని ఒక తమ్ముడికి. ఆ రోజు థెరపీ కేంద్రంలో వెయిటింగ్ హాలు కిటకిటలాడుతోంది. మావాడు చెవులు మూసుకుని, కుర్చీ కింద దూరి అరుస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక సలహా పారేస్తున్నారు. “ఫోను ఇవ్వమ్మా, ఊరుకుంటాడు.” “ఒక్కటి వెయ్యండి, దారికొస్తాడు.” చక్రాల కుర్చీలో ఉన్న ఒక యువకుడు మాత్రం ఏమీ అనలేదు. అనలేడు కూడా, అతనికీ మాట రాదు. తన కుర్చీని మా దగ్గరికి జరిపించుకుని, ఒళ్లోని పుస్తకం తెరిపించుకున్నాడు. అంచులు నలిగి, టేపు అంటించిన ప్లాస్టిక్ పేజీలు. బిగుసుకుపోతున్న చేతిని కూడదీసుకుని మావాడికి కనబడేలా ఒక బొమ్మ చూపించాడు: శబ్దం. కాసేపటికి ఇంకొకటి: ఎక్కువ. ఆ తర్వాత: వద్దు. చూపించి ఊరుకున్నాడు. చెప్పమనలేదు, ఇటు చూడమనలేదు. మళ్లీ మొదటి నుంచి అవే మూడు. అరుపు సన్నగిల్లింది. మావాడు కుర్చీ కింద నుంచే ఆ వేలు ఎటు వెళుతోందో చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత నా వైపు తిరిగి, అక్షరాల పేజీలో ఒక్కో అక్షరాన్నీ, దాని గుణింతపు గుర్తునూ వెతుక్కుంటూ ఒక వాక్యం కట్టాడు: “ముందు వద్దు అనడం నేర్పండి.” తన వంతు వచ్చిందని లోపలి నుంచి పిలుస్తున్నా అది పూర్తయ్యేదాకా కదలలేదు. వెళుతూ వెళుతూ, తోడు వచ్చిన పెద్దాయన చేత సంచిలోంచి ఒక పాత బోర్డు తీయించి నా చేతిలో పెట్టించాడు. అంతమంది ముందు భోరుమన్నాను.

అంతవరకు మాకు నేర్పినవన్నీ అడిగే మాటలే: ఇవ్వు, కావాలి, ఇంకా. బొమ్మ కార్డు చేతిలో పెడితే వస్తువు ఇచ్చే పద్ధతి అది. 1985లో రూపుదిద్దుకుంది, చాలామంది పిల్లలకు పనికొచ్చింది, కాదనను. కానీ కాదనే వీలే లేని పిల్లవాడు కరవక ఏం చేస్తాడు? ఇప్పుడు బోర్డు వాడికి అందే ఎత్తులో వేలాడుతోంది. మాట్లాడేటప్పుడు మేమే బొమ్మలు చూపిస్తాం. బొమ్మల చోటు మార్చం, ఎందుకంటే కొన్నాళ్లకు చూపు కంటే ముందు చెయ్యే దారి పట్టేస్తుంది. చూపించాక నోరు మూసుకుని ఎదురుచూడటం ఉంది చూడండి, అన్నింటికంటే కష్టం అదే. అయినా పసిబిడ్డతో ఏడాది పాటు మనమే కబుర్లు చెబుతాం, తిరిగి చెప్పలేదని అలగం కదా.

ఈ బోర్డు మాకు ఎప్పుడో అందవలసింది. “ఐదేళ్లు రానివ్వండి.” “ముందు కుదురుగా కూర్చోవడం రావాలి.” “బొమ్మలు అలవాటైతే ఇక మాట రాదు.” ఎక్కడికి వెళ్లినా ఇదే పాట. మాట రాదన్నది వట్టి భయమని 2006లోనే ఒక పరిశోధనా సమీక్ష చూపించింది: గట్టి ఆధారాలు దొరికిన 27 మందిలో ఈ పద్ధతుల వల్ల మాట తగ్గినవారు ఒక్కరూ లేరు, ఎక్కువమందికి ఎంతో కొంత పెరిగింది. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి తన వికలాంగుల హక్కుల ఒడంబడికలో ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతులనూ భావ వ్యక్తీకరణలో భాగంగానే చేర్చింది. మా చేతికిచ్చే దరఖాస్తులో మాత్రం ఇప్పటికీ “మాట్లాడతాడా? అవును / కాదు” అనే ఉంది. దేనికి టిక్కు పెట్టమంటారు? వినికిడి పరీక్షకు ఒక గది, దాని కాగితానికి ఇంకో గది, ఆ కాగితం మీద ముద్రకు ఇంకో రోజు. సరే, ఇవాళ తిట్టుకోను.

తమ్ముడూ, ఎలాగైనా ఇది నీ కంట పడితే, నీ బోర్డు మా దగ్గర భద్రంగా ఉంది. తిరిగి ఇమ్మంటే మాత్రం ఇవ్వలేను, అచ్చం అలాంటిదే ఇంకొకటి చేయించి ఇస్తాను.

మా ఆయన, అమ్మ, అత్తయ్య, చెల్లి: మీకు వేరే చెప్పాలా, చెబితే తిడతారు.

మరచిపోతున్నాను. వినికిడి పరీక్షలో వాడు హెడ్‌ఫోన్లు లాగి పారేస్తుంటే విసుక్కోకుండా, ముందు తన తలకే పెట్టుకుని చూపించిన అమ్మాయికి. కొత్త పేజీలకు ప్లాస్టిక్ వేసి, గుచ్చుకుంటాయని మూలలు గుండ్రంగా కత్తిరించి ఇచ్చిన లామినేషన్ అన్నకు. “ఆ అబ్బాయి చెప్పిందే నిజం” అని తన జాబితా పక్కన పెట్టిన స్పీచ్ థెరపిస్టు మేడంగారికి కూడా.

అయ్యో, పై వాటాలో పాప! “నొప్పి” బొమ్మ వాడికి అర్థం కావడం లేదంటే, వాడి మోకాలి గాయాన్నే చూసి కట్టుతో సహా గీసి ఇచ్చింది. థాంక్యూ తల్లీ. నీ రంగు పెన్సిళ్ల డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది, రేపు పంపిస్తాను.