డయాలసిస్ ఫైల్లో మనసుకీ ఒక గడి

సంపాదకుల వారికి నమస్కారం.

మావారు గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశారు. రెండేళ్లుగా సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఆరింటి షిఫ్టులో డయాలసిస్. కిడ్నీలు పోయినా, యార్డుకి ఫోన్ చేసి ‘తేజ మిర్చి ఎంత పలికింది?’ అని అడిగే అలవాటు మాత్రం పోలేదు. కాఫీ అయినా ఆగేది కానీ ఆ ఫోన్ ఆగేది కాదు. అలాంటిది నెల రోజులుగా చెయ్యడం లేదు. మొన్న యార్డు నుంచి పాత స్నేహితుడే చేస్తే, ‘నాకెందుకులే’ అని ఫోన్ నా చేతికిచ్చి అటు తిరిగి పడుకున్నారు.

డయాలసిస్ ఫైల్లో ఏమేం రాస్తారో నాకిప్పుడు కంఠతా వచ్చు. ఎక్కే ముందు బరువు, దిగాక బరువు, మధ్యలో బీపీ, ఎంత నీరు తీశారు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎంత ఇచ్చారు. హిమోగ్లోబిన్, పొటాషియం రిపోర్టులు వేరే. ఇంతా చేసి మనిషి లోపల ఎలా ఉన్నాడో రాయడానికి ఒక్క గడి లేదు. ‘ఎలా ఉన్నారు బాబాయ్ గారూ?’ అని అడగరని కాదు, పాపం అడుగుతారు. అడిగేది ఫిస్టులాలో, అంటే డయాలసిస్ కోసం చేతిలో కలిపి పెట్టిన రక్తనాళంలో, సూది గుచ్చుతూ. అప్పుడు ఎవరైనా ఏం చెబుతారు?

నిరుడు ఒక్కసారి మాత్రం ఒక కాయితం పట్టుకొచ్చారు. ఆ సెంటర్ పేరు రాయను, వాళ్లని తిట్టడం నా ఉద్దేశం కాదు. డిప్రెషన్, అంటే మనసు కుంగుబాటు, ఉందేమో చూసే ప్రశ్నలు, ఇంగ్లీషులో. టెక్నీషియన్ అబ్బాయి తనకొచ్చిన తెలుగులో పైకి చదివాడు. పక్క మంచం రెండడుగుల దూరం. కాళ్ల దగ్గర కోడలు నిలబడి ఉంది. ‘జీవితం మీద నిరాశగా ఉందా?’ అంటే, ‘అబ్బే, ఏ బాధా లేదు బాబూ’ అన్నారు ఈయన. అన్నిటికీ సున్నా. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. ఆ ముందు వారమే ఆటోలో ఇంటికొస్తూ ‘ఇట్లా ఎన్నాళ్లే’ అన్న మనిషి ఆయన.

మా అమ్మాయి నర్సు. అదే ప్రశ్నపత్రం తెలుగులో తెచ్చి నాకు వివరంగా చెప్పింది. తొమ్మిది ప్రశ్నలు, అన్నీ గడిచిన రెండు వారాల గురించే. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. పది గానీ ఆపైన గానీ వస్తే డాక్టర్ కూర్చోబెట్టి మాట్లాడాలి. మొన్న ఆదివారం మావారు ఇంట్లో, ఎవరూ లేనప్పుడు పెన్సిలుతో నింపారు. 13 వచ్చింది.

అసలు చిక్కు ఇక్కడుంది. ఆ 13లో నిద్ర పట్టకపోవడానికి 3, నీరసానికి 3, అన్నం సయించకపోవడానికి 2. అంటే 8 మార్కులు ఒంటివి. రక్తం తక్కువైనా నీరసమే, ఒంట్లో మలినాలు పేరుకున్నా అన్నం సయించదు, దురదలకి నిద్ర పట్టదు. డయాలసిస్ వాళ్లలో ఏది జబ్బుదో, ఏది మనసుదో విడదియ్యడం కష్టం. బెక్ అనే ఇంకో ప్రశ్నపత్రంలో 21 ప్రశ్నలుంటాయి. అందులో డయాలసిస్ రోగులకి మాత్రం, డిప్రెషన్ అనడానికి దాటాల్సిన గీతని 14, 16 మార్కుల దాకా పైకి జరిపి చూస్తారట. 2013లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో, ప్రశ్నపత్రాలతో కొలిస్తే డయాలసిస్ రోగుల్లో నూటికి సుమారు 39 మందికి డిప్రెషన్ అని తేలింది. మాట్లాడి నిర్ధారించిన చోట 23 మందికి. అందుకే కాయితం మీద అంకె వచ్చింది కదా అని మాత్రలు రాసెయ్యకూడదు. ‘డయాలసిస్ కదమ్మా, అట్లాగే ఉంటుంది’ అని కొట్టిపారెయ్యనూ కూడదు. నాకు ఎక్కువగా వినపడేది ఈ రెండో మాటే.

మావారి కాయితంలో మిగిలిన 5 మార్కులు చూడండి. ఏ పని మీదా బుద్ధి పుట్టకపోవడానికి 2, దిగులుకి 2, ‘ఇంట్లోవాళ్లకి భారమయ్యాను’ అనిపించడానికి 1. నేను భయపడేది ఆ 5కి. చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా అనే తొమ్మిదో ప్రశ్న దగ్గర పెన్సిలు చాలాసేపు ఆగింది. తరవాత సున్నా చుట్టారు. ఆ రాత్రి నేనే కూర్చుని మళ్లీ అడిగాను. మాట్లాడుకున్నాం, అది మా ఇద్దరిదీ.

దిగులు మనసులోనే ఉండిపోదు. విసుగొచ్చిన మనిషి ఒక డయాలసిస్ మానేస్తాడు, కొలత మరిచి నీళ్లు తాగేస్తాడు. మర్నాడు మూడు కిలోలు పెరిగి వస్తే అందరూ కేకలేస్తారు, ఎందుకు తాగాడో ఎవరూ అడగరు. నిద్రమాత్ర మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవాళ్లనీ చూశాను. కిడ్నీ రోగికి ఏ మాత్ర ఎంత మోతాదులో ఇవ్వాలో చూసుకోవాలని వాళ్లకి చెప్పేవాళ్లు లేరు.

ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదని నేననను. డయాలసిస్ ఉచితంగా జరుగుతోంది, నెలకి 10,000 పింఛను వస్తోంది, ఆ డబ్బే మమ్మల్ని నిలబెట్టింది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఎ.కొండూరు తండాల్లో నీళ్లు పరీక్ష చేశారు, రక్తం పరీక్ష చేశారు. అలాగే మూడు నెలలకోసారి ఈ తొమ్మిది ప్రశ్నలూ అడగమంటున్నాను. అమెరికాలో డయాలసిస్ సెంటర్లు డిప్రెషన్ పరీక్ష వివరాలు 2016 నుంచి ప్రభుత్వానికి పంపాల్సిందే. మన దగ్గర ఖర్చు ఒక జిరాక్సు కాయితం.

అడిగేది మాత్రం హాల్లో, అందరి ముందూ కాదు. సూదులు తీసి, ఒళ్లు తూలిపోతున్నప్పుడూ కాదు. కాయితం ఇంటికిచ్చి పంపినా చాలు, చదువు రానివాళ్లకి పక్కగదిలో ఎవరైనా చదివి పెట్టాలి. భాష కూడా మనం మాట్లాడుకునేదై ఉండాలి. ‘ఆసక్తి లోపించినదా’ అంటే మావారికి నవ్వొచ్చింది. ‘దేనిమీదా మనసు పోవట్లేదా?’ అంటే నవ్వలేదు. మార్కులు ఎక్కువ వచ్చినవాళ్లని పంపడానికి గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడి డాక్టర్ వారానికి ఒక పూట డయాలసిస్ వార్డుకే వస్తే ఇంకా నయం, ఎందుకంటే నాలుగు గంటలు మంచం మీద ఉండి లేచిన మనిషి ఇంకో ఓపీ క్యూలో నిలబడలేడు. రాత్రిపూట భయమేస్తే, మనసు బాధ చెప్పుకోడానికి ప్రభుత్వం పెట్టిన 14416 టెలీమానస్ నంబరుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు రాసిన కాయితం ఒక్కటి కూడా మా వార్డు గోడ మీద లేదు. చెప్పులు బయట విడవమని మాత్రం మూడు చోట్ల ఉంది.

ఇంట్లో నింపిన కాయితం మావారి ఫైల్లో, రక్తపరీక్షల రిపోర్టు పైనే పెట్టాను. సోమవారం ఎవరూ అడగలేదు. బుధవారం నేనే తీసి డాక్టర్ చేతిలో పెడతాను.

— ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు