బర్మా, మలయా దారుల చదువు కోసం: ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉందని మన రాష్ట్రంలో చదువుకున్నవాళ్లకే చాలామందికి తెలియదు. దాని గురించే ఈ లేఖ.

విదేశీ విశ్వవిద్యాలయంతో ఒప్పందం అనగానే మనకు ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ కోర్సులే గుర్తొస్తాయి. అవీ కావాలి. కానీ ఐటీ ఉద్యోగాల కాలానికి చాలా ముందే మన తీరం జనం బర్మాకు (ఇప్పటి మయన్మార్), మలయాకు (ఇప్పటి మలేసియా) వెళ్లారు. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి, రంగూన్‌లో మిల్లుల్లో, రేవులో కూలి చేశారు. 1942లో బర్మా మీదికి జపాన్ సేనలు వచ్చినప్పుడు ఎంతోమంది అడవులు, కొండలు దాటుకుంటూ కాలినడకన వచ్చారు. దారిలోనే పోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు. 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేశాక మళ్లీ కుటుంబాలకు కుటుంబాలే తిరిగొచ్చాయి. అప్పుడు పదేళ్ల పిల్లలుగా వచ్చినవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. విశాఖలో వాళ్ల మాటలు రికార్డు చేయడానికి ఇంకెంతో టైమ్ లేదు.

అమెరికా 1958లో, రష్యా స్పుత్నిక్ పంపిన మరుసటి ఏడాది, విశ్వవిద్యాలయాల్లో విదేశీ భాషల బోధనకు డబ్బిస్తూ చట్టం చేసింది. అక్కడి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. అక్కడ చదివిన అమెరికన్ పరిశోధకుడొకరు పల్నాడు వచ్చి, వీరగాథ పాడేవాళ్ల దగ్గర కూర్చుని దాన్నంతా రికార్డు చేసుకున్నారు. భాష వచ్చు కాబట్టే ఆ పని జరిగింది. 2025లో అమెరికా ప్రభుత్వం ఆ భాషల నిధులకు కోత పెట్టింది. మనం మాత్రం మన పొరుగు దేశాల కోసం అలాంటి ప్రయత్నం గట్టిగా చేయనేలేదు.

తిరుపతి కేంద్రంలో బర్మీస్, మలయ్, థాయ్ భాషలకు పర్మినెంట్ అధ్యాపకులను ఇవ్వండి. గెస్ట్ లెక్చరర్లతో భాష నిలబడదు. పరిశోధక విద్యార్థులు ఒక ఏడాది ఆ దేశంలోనే ఉండేలా స్కాలర్‌షిప్ పెట్టండి. మయన్మార్‌లో 2021 నుంచి పరిస్థితి బాగాలేదు కాబట్టి ముందు మలేసియాతో మొదలుపెట్టవచ్చు. కౌలాలంపూర్‌లోని మలయా విశ్వవిద్యాలయంలో భారతీయ అధ్యయన విభాగం ఉంది, 1955 నుంచీ మలేసియా తెలుగువారి సంఘమూ ఉంది. అక్కడి తెలుగు పిల్లలు కూడా మన దగ్గర ఒక సెమిస్టర్ చదివేలా ఒప్పందం రాయించండి.

ఇదంతా పెద్ద ఖర్చు కాదు. వచ్చే బడ్జెట్‌లోనే దీనికి ఒక పద్దు కేటాయించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఉత్తరాంధ్రకు చెందిన ఒక చరిత్ర అధ్యాపకుడు