సారస్‌ని కొంగల్లో కలిపేయకండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం. మొన్న ఆదివారం మీ పేపర్లో ఉత్తరప్రదేశ్ నుంచి ఒక ఫొటో వేశారు, వరి పొలంలో రెండు సారస్‌లు, ఫొటో అదిరింది గానీ కింద "పొలంలో కొంగల జంట" అని రాసేసరికి మనసు చివుక్కుమంది. అది ఆ రాష్ట్ర పక్షి సార్, కొంగ కాదు. తెలుగులో దీనికి బెగ్గురు అని చక్కటి పాత పేరే ఉంది, ఎవరూ వాడట్లేదు అంతే.

మన తెల్లకొంగ మెడ మడిచి ఎగురుతుంది, ఇది మెడ బారుగా ముందుకి చాపి పోతుంది. చెట్టెక్కడం కూడా దీని వల్ల కాదు, వెనక వేలు చిన్నది, పైకెక్కి ఉంటుంది, కొమ్మ పట్టు దొరకదు. అందుకే నీళ్ళ మధ్యలో గడ్డీ గాదం కుప్పేసి దానిమీద మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది, నెల పైచిలుకు ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి. ఎగిరే పక్షుల్లో ప్రపంచంలోకెల్లా పొడుగు ఇదే, మగది నిలబడితే దగ్గరదగ్గర 6 అడుగులు. శ్వాసనాళం రొమ్ము ఎముకలోకి చుట్టలు తిరిగి ఉంటుంది కాబట్టి ఆ కేక చాలా దూరం వినిపిస్తుంది, జంట కలిసి అరిస్తే మగది ఒకసారి అంటే ఆడది రెండుసార్లు బదులిస్తుంది (ఇళ్ళల్లోనూ అంతే అనుకోండి). జహంగీర్ బాద్షా ఒక జంటని పెంచి లైలా, మజ్ను అని పేర్లు పెట్టుకుని, అవి గుడ్లు పొదగడం దగ్గరుండి చూసి రాసుకున్నాడు కూడా.

మీ క్యాప్షన్‌లో ఒక్క మాట మాత్రం కరెక్ట్, "పొలంలో" అన్నారే అది. ఉత్తరప్రదేశ్‌లో వీటిలో చాలా వరకు అభయారణ్యాల్లో కాదు, రైతుల పొలాల్లో, ఊరి చెరువుల పక్కనే బతుకుతున్నాయి, వరి మధ్యలో గూడు కడితే కొంచెం పైరు పోతుంది, అయినా చాలామంది రైతులు దాన్ని కదపరు. చెరువులు పూడ్చేయడం, గుడ్లు ఎత్తుకుపోవడం, కరెంటు తీగలకి తగిలి చావడం, ఇవే అసలు బెడద. అంతర్జాతీయ లిస్టులో కూడా ముప్పున్న జాతి కిందే పెట్టారు. కొంగలకేం, ఎక్కడ చూసినా ఉంటాయిలే అనుకునేవాళ్ళకి ఇదంతా ఎలా తెలుస్తుంది చెప్పండి?

వచ్చే ఆదివారం అదే పేజీలో రెండు లైన్ల సవరణ వేయండి, వీలైతే బెగ్గురు అనే రాయండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు